పెద్దాపరేషను

మన తెలుగు ఇండ్లలో 'పెద్దాపరేషను' అను మాట మిక్కిలి తేలికగా పలుకబడుచున్నది. పన్ను పీకించుకొన్నట్లు, కంటి పొర తీయించుకొన్నట్లు, ఫలానావారి కోడలు గర్భసంచి తీయించుకొన్నదని చెప్పుకొనుట మనకు వాడుకయైనది. విన్నవారు ఆశ్చర్యపడరు. ఖర్చెంతయైనదని అడుగుదురు, ఎన్నాళ్లు బరువు లేపరాదన్నారని అడుగుదురు. ఎందుకు తీసిరని అడుగువారు అరుదు. ఆమె వయస్సు ముప్పది దాటి ఎంతో కాలేదని తెలిసినను అడుగువారు అరుదు.

ఈ తేలికదనము వట్టి మాటలలోనిది కాదు, లెక్కలలోను కనబడుచున్నది. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ విషయమును మొదటిసారిగా అడిగినది. పదునైదు మొదలు నలువదితొమ్మిది ఏండ్ల వయస్సుగల స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు 3. ఆంధ్రప్రదేశమున సుమారు 9. తెలంగాణమున సుమారు 8. 2019-21 సర్వేలోను ఈ స్థితి మారలేదు. దేశములోని ఏ పెద్ద రాష్ట్రమును ఈ విషయమున మన రెండు రాష్ట్రములతో తూగదు. అక్షరాస్యతలో, పంటలో, పరిశ్రమలో ముందుండవలెనని కోరుకొను జాతికి దక్కిన ప్రథమ స్థానమిది! తెలుగు స్త్రీల గర్భాశయములకు మాత్రమే పట్టిన రోగమేదియు వైద్యశాస్త్రమున లేదు. కావున కారణమును శరీరమునందు గాక మన నడవడియందే వెదకవలెను.

స్త్రీల రోగములను గూర్చి పత్రికలో బాహాటముగ వ్రాయుట మర్యాద కాదని తలంచు పాఠకులు కొందరుందురు. వారికి మేము చెప్పునది ఒక్కటే. ఈ మర్యాదయే ఇంతదాక తెచ్చినది. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పంతులుగారు ఆడుపిల్లలకు తెలుగులో చదువు చెప్పు ఉన్నత పాఠశాలను నెలకొల్పిరి. ఆ పాఠశాల వీధికి కూతవేటు దూరమున నేడు ఎన్నియో నర్సింగుహోములు, స్కానింగు కేంద్రములు వెలసినవి. జిల్లాలనుండి తెల్లవారు బస్సులలో దిగు స్త్రీలు సంచిలో పాత చీటీలు, ఫిలిములు మూటగట్టుకొని ఆ మెట్లెక్కుచుందురు. వారు సంతకము పెట్టు కాగితము పెక్కుచోట్ల ఇంగ్లీషులో ఉండును. ఆడుదానికి తెలుగులో చదువు కావలెనన్న పెద్దల పట్టుదలకు తొంబది యేండ్లు దాటినవి. తన కడుపు కోయుటకు ఒప్పుకొను కాగితమైనను ఆమెకు తెలుగులో లేదు.

మొదట నొప్పిని గూర్చి చెప్పవలెను. పొత్తికడుపున ఆరునెలలకు మించి విడువక, లేదా వచ్చుచు పోవుచు ఉండు నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా లెక్కింతురు. ఇది బహిష్టు దినములలో మెలిపెట్టును. కొందరిని తక్కిన దినములలోను విడువదు. నడుమును, తొడలను పట్టి లాగును. కూర్చున్నచో ఒక బాధ, నిలిచినచో మరియొక బాధ. దాంపత్యము భయమగును. ఇంటిపని ఆగదు, కూలిపని ఆగదు, ఆఫీసు ఆగదు. ఈ స్థితిలో నున్న స్త్రీ ఇంట చెప్పుకొన్నప్పుడు వినవచ్చు జవాబు మనకందరకు తెలియును: "ఆడోళ్లన్నాక నొప్పులుండవా?" తల్లి ఆ మాటే చెప్పినది, అత్తయు ఆ మాటే చెప్పినది. అట్లు ఏండ్లు గడచును. ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి లోకమున సంతానవయస్సులోని స్త్రీలలో నూటికి పదిమందికి ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అది ఇదియని తేలుటకు నాలుగేండ్లు మొదలు పండ్రెండేండ్ల వరకు పట్టుచున్నదనియు ఆ సంస్థయే చెప్పుచున్నది. ధనిక దేశములలోనే ఇట్లున్నప్పుడు మన పల్లెల మాట చెప్పనేల?

ఇన్నియేండ్లు ఎవ్వరును నమ్మని నొప్పిని ఒకనాడు ఒక వైద్యుడు నమ్మును. "నీ గర్భసంచిలో దోషమున్నది, తీసివేసిన అన్నియు పోవును" అనును. ఆ మాట ఆమెకు వైద్యముగా గాక న్యాయముగా వినిపించును. అందుకే ఆమె వెంటనే ఒప్పుకొనును. పదేండ్లు అపనమ్మకము, పది నిమిషములలో కత్తి. ఈ రెంటికి నడుమ జరుగవలసిన వైద్యమంతయు జరుగకయే పోవుచున్నదని మా ఫిర్యాదు.

ఆ నడుమ ఏమి జరుగవలెను? పొత్తికడుపులో గర్భాశయమొక్కటే లేదు. మూత్రాశయమున్నది, ప్రేవులున్నవి, అండాశయములున్నవి, వీటినన్నిటిని మోయు కండరములున్నవి. మూత్రాశయపు వాపువలనను, ప్రేవుల అలజడివలనను, కండరములు బిగుసుకొనుటవలనను, మునుపు జరిగిన ఆపరేషనుల పిమ్మట లోని అవయవములు ఒకదానికొకటి అతుకుకొనుటవలనను వచ్చు నొప్పి గర్భాశయపు నొప్పివలెనే తోచును. ఇట్టి నొప్పికి గర్భసంచి తీసినచో ఇల్లు కాలుచుండగా పొరుగింటిపై నీళ్లు పోసినట్లగును. సుఖరోగములవలనను, ఇతర క్రిములవలనను గర్భనాళములకు పట్టు వాపు మందులతో తగ్గును. కాని సుఖరోగమైనచో భర్తయు మందు తినవలెను. ఈ రెండవ సంగతిని మగవారు వినకుందురు. ఆయన తినడు, ఆమెకు మరల మరల వచ్చును, తుదకు ఆమె కడుపు కోయుదురు. క్షయరోగము సయితము గర్భాశయమును పట్టుట మన దేశమున కలదు. దానికి నెలల తరబడి మందులే చికిత్స, ఆ మందులు సర్కారు దవాఖానాలో ఉచితముగా దొరకును.

ఎండోమెట్రియోసిస్ సంగతి మరింత విచిత్రము. గర్భాశయపు లోపొరను పోలిన కండ గర్భాశయము వెలుపల, అండాశయములమీదనో ప్రేవులమీదనో పెరిగి, నెలనెల ఉబ్బి వాచి చుట్టుపట్ల మచ్చలు కట్టును. రోగము వెలుపల నున్నప్పుడు గర్భాశయమును మాత్రము తీసినచో రోగము అక్కడనే ఉండిపోవచ్చును, నొప్పియు ఉండిపోవచ్చును. ఆ పొరయే గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోవు అడినోమయోసిస్ అను మరియొక వ్యాధి కలదు. అందు గర్భాశయము తీయుటవలన రోగము నిజముగా పోవును. ఈ రెండు పేర్లును స్త్రీకి ఒక్కతీరుగనే వినబడును. చికిత్స మాత్రము ఒక్కటి కాదు. కావున 'ఏది?' అను ప్రశ్నకు జవాబు రానిదే 'తీయుదుమా?' అను ప్రశ్న వేయరాదు. హార్మోను మాత్రలు, గర్భాశయములో అమర్చి యేండ్ల తరబడి పనిచేయు హార్మోను సాధనము, దుర్భిణితో చూచి రోగపుకండను మాత్రము తొలగించు చికిత్స, కటికండరములకు వ్యాయామచికిత్స మున్నగునవి నేడు హైదరాబాదులో దొరకనివి కావు. చిన్నచిన్న గడ్డలు స్కానులో కనబడినంత మాత్రమున భయపడనక్కరలేదు. అనేకములు ఏ బాధయు కలిగింపక ముట్లుడిగిన పిమ్మట తమంత కుంచించుకొని పోవును.

ఇక అండాశయముల సంగతి. గర్భసంచి తీయునప్పుడు "ఇవిమాత్రమెందులకు" అని రెండు అండాశయములను కూడ తీసివేయు వాడుక కొన్నిచోట్ల కలదు. మన దేశపు స్త్రీలకు ముట్లుడుగు వయస్సు సుమారు 46 ఏండ్లు. ముప్పదిమూడవ యేట అండాశయములు పోయినచో ఆమె ఒక్కరాత్రిలో పదమూడేండ్లు దాటినదన్నమాట. ఒంట ఆవిరులు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బునకు అవకాశము హెచ్చుట దీని ఫలములు. అండాశయములను ఉంచినను కొందరిలో అవి కాలమునకు ముందే ఉడుగును. నలువదేండ్లకే మోకాళ్లు పట్టుకొని కూర్చున్న తల్లులను మన వీధులలో చూచుచునే యున్నాము; మూలమెక్కడనున్నదని ఆలోచింపము.

ఈ వాడుక ఎట్లు పాదుకొన్నది? పదునెనిమిదేండ్లకో అంతకు ముందో పెండ్లి, ఇరువదిమూడు నిండునప్పటికి ఇద్దరు బిడ్డలు, వెంటనే పిల్లలాపరేషను. ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి, తెలంగాణమున 62 మందికి ఈ ఆపరేషను జరిగియున్నది. మగవారు చేయించుకొన్నది లెక్కకు రానంత స్వల్పము. పిల్లలాపరేషనుతో గర్భాశయముపని తీరినదని ఇంటివారి నమ్మకము. "పిల్లలు పుట్టిరి, ఇంక దానితో ఏం పని?" అను ప్రశ్న మంచి చదువుకొన్నవారి నోటను వినబడును. ఆపై తెల్లబట్ట కనబడినను, నడుము నొప్పి పుట్టినను "ఉంచినచో క్యాన్సరు వచ్చును" అను ఒక్క మాట చాలును. ఆ భయమునకు మందు పరీక్ష. గర్భాశయముఖమునుండి తీసిన చెమ్మను పరీక్షించు విధము ఎన్నో దశాబ్దములుగ ఉన్నది. పరీక్ష చేయక క్యాన్సరు పేరు చెప్పుట వైద్యము కాదు, బెదిరింపు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ పథకము మొదలైనది. బీదవారికి పెద్ద ఆసుపత్రుల ద్వారములు తెరచిన పథకమది. దాని మేలును మేము తక్కువ చేయము. అయితే సర్కారు చెల్లించునన్నచోట కత్తికి పని పెరుగుననియు అప్పుడే తెలిసివచ్చినది. ఫిర్యాదులు మిక్కుటముకాగా ప్రైవేటు ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సపై ప్రభుత్వము పిదప కట్టుబాట్లు విధించినది. ఆ కాలముననే హైదరాబాదులోని లైఫ్-హెచ్.ఆర్.జి. అను సంస్థ తరఫున డాక్టరు కామేశ్వరిగారును డాక్టరు వింజమూరి సూర్యప్రకాశుగారును మెదకు జిల్లా మునిపల్లె మండలపు పల్లెలలో ఇంటింట తిరిగి, గర్భసంచి పోగొట్టుకొన్న స్త్రీలను ప్రశ్నించి, 2009లో తమ పరిశీలనను వెలువరించిరి. వారు చూచినవారిలో మిక్కిలి చిన్న వయస్సువారు కలరు. సర్వే లెక్కలు రాకపూర్వమే లోకము దృష్టిని ఈ దిక్కునకు త్రిప్పినవారు వీరు. అదే మెదకు సీమలోని జోగిపేటలో 1930లో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తొలి సమావేశముతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభ జరిగినది. స్త్రీల మాట స్త్రీలే చెప్పవలెనని అక్కడ తొలిసారి పందిరి వేసిరి. ఎనుబదియేండ్లకు ఆ పల్లెల ఆడపడుచులు చెప్పుకొనిన మాటలిట్టివి.

మనకే కాదు, మన పొరుగునను ఇట్టిదే కలదు. ఒకనాడు మన హైదరాబాదు రాజ్యములో భాగమై, నేడు మహారాష్ట్రములో నున్న బీడు జిల్లానుండి చెరకు నరుకుటకు పోవు కూలి స్త్రీల సంగతి 2019లో బయటపడినది. ఆ రాష్ట్రపు సర్కారు నియమించిన సంఘము విచారింపగా 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేలకు మించి గర్భసంచి లేనివారని తేలినది. ఒకనాడు పనికి రాకున్న జరిమానా, ముట్టునాడు నరకలేరు, కావున ముట్టే లేకుండ చేసికొనుట. రోగము కడుపులో లేదు, కూలి కాగితములో ఉన్నది.

ఇంత వ్రాసినందున మేము ఈ శస్త్రచికిత్సకు విరోధులమని ఎవ్వరును తలంపరాదు. క్యాన్సరు తేలినప్పుడు, కాన్పులో నెత్తురు ఆగనప్పుడు, గర్భాశయము జారి బయటపడినప్పుడు అది ప్రాణము నిలుపును, పరువు నిలుపును. మందులన్నియు వాడి, ఏండ్లు ఓర్చి, రోగమేదియో తెలిసి, అడినోమయోసిసువంటి కారణము తేలి, "ఇక చాలును, తీయించుకొందును" అని ఒక స్త్రీ నిశ్చయించుకొన్నచో ఆ నిశ్చయము ఆమెది. దానిని పోగొట్టుకొన్నచో ఆడుతనము పోవునని ఆమెను భయపెట్టు అత్తగారును, 'ప్రకృతి వైద్యమే చాలు'నని ఉపన్యసించు పెదనాన్నగారును నర్సింగుహోము దళారికంటె మేలైనవారు కారు. నొప్పిని అనుభవించునది ఆమె. వీరెవ్వరును ఒక్క రాత్రియైన ఆ నొప్పితో మేలుకొని యుండలేదు.

నిశ్చయము ఆమెదనుట మా మాట మాత్రమే కాదు. సమీరా కోహ్లీ వ్యాజ్యములో సుప్రీముకోర్టు 2008 జనవరి 16వ తేదీన ఈ సంగతినే తీర్పుచేసినది. నలువదినాలుగేండ్ల అవివాహిత దుర్భిణితో పరీక్ష చేయించుకొనుటకు ఒప్పుకొని మత్తులో నుండగా, బయట కూర్చున్న ఆమె తల్లిచేత సంతకము పెట్టించి గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. వయస్సు వచ్చి, తెలివి గల స్త్రీ తరఫున తల్లి ఒప్పుకొనుట చెల్లదనియు, పరీక్షకు ఒప్పుకొనుట చికిత్సకు ఒప్పుకొనుట కాదనియు న్యాయస్థానము స్పష్టపరచినది. ప్రాణాపాయమైనప్పుడు తప్ప, ఆమె మేలుకొనువరకు ఆగవలసినదే. తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకము చెల్లునా? అయినను నేటికిని ఎన్నో చోట్ల కాగితము మొదట భర్త చేతికే పోవుచున్నది.

బీహారు, ఛత్తీసుగఢు, రాజస్థానములలో అనవసరముగ జరిగిన గర్భాశయ శస్త్రచికిత్సలను గూర్చి డాక్టరు నరేంద్ర గుప్తాగారు తెచ్చిన ప్రజాహిత వ్యాజ్యముపై 2023 ఏప్రిలు 5వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు వచ్చినది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శక సూత్రములను అన్ని రాష్ట్రములు మూడు నెలలలో అమలు పరుపవలెనని ఆజ్ఞాపించినది. జాతీయముగ, రాష్ట్రముగ, జిల్లాగ పర్యవేక్షక సంఘములుండవలెను. నలువదేండ్లకు లోబడిన స్త్రీల శస్త్రచికిత్సలను ప్రత్యేకముగ తనిఖీ చేయవలెను. సూత్రములు బాగున్నవి. మన జిల్లాలో ఇట్టి సంఘమున్నదా, అందెవరున్నారు, ఎన్నిమారులు కూర్చుండిరి అని పాఠకులు తమ జిల్లా వైద్యాధికారిని అడిగి చూడవలెను. అడుగుటకు సమాచారహక్కు చట్టము కలదు, పది రూపాయల ఖర్చు.

తనిఖీవలన ఫలముండునా అని సందేహించువారికి కెనడా దేశపు సస్కాచెవాన్ రాష్ట్రము సాక్ష్యము. 1970 ప్రాంతమున అక్కడ గర్భాశయ శస్త్రచికిత్సలు విపరీతముగ పెరుగగా, వైద్యులే ఒక సంఘముగ కూర్చుండి ఏది న్యాయము, ఏది కాదని సూత్రములు గీసి ఆసుపత్రుల లెక్కలు చూచిరి. ఎవ్వరిని చెరలో వేయలేదు. చూచువారున్నారని తెలిసినంతనే నాలుగేండ్లలో శస్త్రచికిత్సలు మూడవవంతు తగ్గినవి. ఇంతకంటె మాకు ఇష్టమైన దృష్టాంతము స్విట్జర్లాండులోని టిచీనో సీమది. 1984లో అక్కడి పత్రికలు, రేడియో కొన్ని నెలలపాటు గర్భాశయ శస్త్రచికిత్స ఎప్పుడు కావలెనో, ఎప్పుడక్కరలేదో ప్రజలకు తెలిసిన భాషలో చెప్పినవి. ఆ సీమలో శస్త్రచికిత్సలు నూటికి ఇరువదియైదు వంతులు తగ్గినవి. అట్టి ప్రచారము లేని బెర్నులో తగ్గలేదు. చట్టము మారలేదు, వైద్యులు మారలేదు. చదువరులు మారిరి.

బషీర్‌బాగ్ ప్రెస్ క్లబ్బులో ప్రతిదినము ఏదో ఒక సమావేశము జరుగుచునే యుండును. చిక్కడపల్లి గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకు చదువు యువకులు వందలాదిగ బల్లలవద్ద కూర్చుందురు. అశోక్‌నగర్ గదులలో మరెన్ని వందలమందియో కలరు. వీరిలో పెక్కుమంది జిల్లాలనుండి వచ్చినవారే. ప్రతివారికిని ఊరిలో తల్లి యున్నది, అక్క యున్నది. ఆ అక్క ఫోను చేసి "డాక్టరు తీసెయ్యాలె అన్నడు, ఏం జెయ్యాలె తమ్మీ?" అన్న దినమున ఈ చదువు దేనికి పనికివచ్చును? రోగము పేరేమి, ఆ పేరు ఏ పరీక్షవలన తేలినది, క్యాన్సరు పరీక్ష జరిగినదా, మందులు ఎన్నాళ్లు వాడిరి, అండాశయములను ఉంచుదురా అని ఆమె తరఫున అడుగవలెను. సమాధానము సరిగ రానిచో కోఠిలోని సుల్తాన్‌బజారు ప్రసూతి ఆసుపత్రికో, పేట్లబురుజు ఆసుపత్రికో పోయి రెండవ వైద్యుని మాట వినవలెను. క్యాన్సరు తేలిననో, నెత్తురు ఆగకున్ననో తప్ప, నెలరోజులు ఆగినందున మునిగిపోవునది లేదు. రేపే చేయించుకొండని తొందరపెట్టువారు ఎందులకు తొందరపెట్టుచున్నారో అడుగుటకు సిగ్గుపడరాదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ ప్రభుత్వములను మేము కోరునది పెద్దదేమియు కాదు. ప్రతి జిల్లాలో నెలకు ఎన్ని గర్భాశయ శస్త్రచికిత్సలు జరిగినవో, అందు నలువదేండ్లకు లోబడినవారెందరో, ఏ కారణమున జరిగినవో, స్త్రీల పేర్లు లేకుండ, ఆసుపత్రుల పేర్లతో తెలుగులో ప్రకటింపవలెను. శస్త్రచికిత్సకు ఒప్పుకొను పత్రము తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించి, దానిని రోగి చేతికిచ్చి, చదువరాని ఆమెకు చదివి వినిపించి, ఒక రాత్రి ఇంటివద్ద ఉంచుకొనుటకు వ్యవధి ఇవ్వవలెను. ఆ జాబితాలు ప్రకటించినచో ఈ పత్రికలో ప్రతి నెలయు అచ్చువేయుటకు మేము సిద్ధముగ నున్నాము. ఆ పుట చించి తమ ఊరి పఠనాలయపు గోడకు అంటించు బాధ్యత పాఠకులది.